బోర్డు మీద ‘సులభం’ అని రాయడం ఎందుకు మానేశాను

(కొత్తగా నియమితులైన గణిత అధ్యాపకుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత ఆచార్యుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న యువ సహోద్యోగులకు నమస్కారం. విశ్వవిద్యాలయంలో గణిత అధ్యాపకుడి పని ఎలా ఉంటుందో మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. ముప్పై మూడేళ్లు ఆ పని చేసి, ఐదేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. చేరినప్పుడు నా హోదా లెక్చరర్, ఆ తరువాత రీడర్. 2006 నాటి వేతన సవరణతో ఆ రెండు పేర్లూ పోయి అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్ అన్నవి వచ్చాయి. నా మటుకు నాకు రీడర్ అన్న మాట పోయినందుకు కొంచెం బాధగానే ఉంది. చదివేవాడు అన్న అర్థం ఉన్న హోదా ఇంకెక్కడ దొరుకుతుంది?

హోదాల పేర్లు మారినా మా బంధువులు, ఇరుగుపొరుగు వారు అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: “వారానికి పదహారు గంటలేనండీ మీ పని?” వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసరూ ప్రొఫెసరూ 14 గంటలు పాఠం చెప్పాలి. మిగతా గంటలు ఎవరికీ కనిపించవు. సైలో సిద్ధాంతాల మీద ఒక గంట పాఠం చెప్పడానికి ముందు రాత్రి మూడు పుస్తకాల్లో మూడు నిరూపణలు చదివి, వాటిలో ఈ తరగతికి ఏది తగినదో తేల్చుకుని, దానికి ముందు ఏ ఉదాహరణ చూపించాలో, ఎక్కడ ఆగి పిల్లల ముఖాలు చూడాలో ఆలోచించుకునే మనిషిని బయటినుంచి చూస్తే, కుర్చీలో ఊరికే కూర్చున్నట్టే ఉంటాడు. చేరిన కొత్తలో నాకు గంట పాఠానికి అయిదు గంటల తయారీ పట్టేది, చివరి సంవత్సరాల్లో రెండు గంటలు. అంతకన్నా తగ్గించిన రోజుల్లో పాఠం ఎలా సాగిందో నాకూ తెలుసు, నా విద్యార్థులకు ఇంకా బాగా తెలుసు.

ఇక గంటల లెక్క పక్కన పెట్టి, ఉద్యోగంలో చేరిన మూడో ఏట నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఈ వృత్తి గురించి నాకు తెలిసిన దానిలో ముఖ్యమైనదంతా ఆ తప్పు చుట్టూనే పోగుపడింది.

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరానికి సమూహ సిద్ధాంతం చెబుతున్నాను. వినిమయ సమూహంలో, అంటే ఏ రెండు మూలకాలను ఏ వరుసలో గుణించినా ఒకే ఫలితం వచ్చే సమూహంలో, ప్రతి ఉపసమూహమూ నార్మల్ అవుతుందని ఆ రోజు నిరూపించాను. అది రెండు వాక్యాల నిరూపణ. గంట కొట్టడానికి ఇంకా రెండు నిమిషాలుంది, బోర్డు కింది భాగంలో కాస్త ఖాళీ ఉంది. ఆ ఖాళీ చూసి నా చెయ్యి ఊరుకోలేదు. “దీని విపర్యయం కూడా నిజమే. సులభం. ఇంటి దగ్గర చేసుకు రండి” అని చెప్పి, సులభం అన్న మాట బోర్డు మీద రాసి కింద గీత కూడా గీసి, చేతులు దులుపుకుని బయటికి వచ్చేశాను.

నాలుగు రోజుల తరువాత ఒక అమ్మాయి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్ల. సెమిస్టరు మొదలైనప్పటి నుంచి తరగతిలో ఆమె గొంతు నేను విన్నది లేదు. చేతిలో పొడుగాటి నోటు పుస్తకం ఉంది.

“సార్, మీరు సులభం అన్న లెక్క నాకు రావట్లేదు. నాలుగు రోజులుగా చేస్తున్నాను. మా రూములో వాళ్లెవరికీ రాలేదు గానీ, వాళ్లు వదిలేశారు. ఎక్కడ తప్పు చేస్తున్నానో ఒక్కసారి చూస్తారా?”

“దానికేముందమ్మా, ఇలా రా” అని సుద్దముక్క తీసుకున్నాను. మొదటి వాక్యం రాశాను, రెండోది రాశాను, మూడోది రాలేదు. గోడ గడియారం చప్పుడు వినిపించేంత సేపు నిలబడి, చివరికి “రేపు చెబుతాను, పుస్తకం ఇక్కడ ఉంచి వెళ్లు” అన్నాను.

ఆ విపర్యయం, అంటే ప్రతి ఉపసమూహమూ నార్మల్ అయితే ఆ సమూహం వినిమయ సమూహమే అవుతుందన్న మాట, నిజం కాదు. ప్లస్ 1, మైనస్ 1, ప్లస్ ఐ, మైనస్ ఐ, ప్లస్ జె, మైనస్ జె, ప్లస్ కె, మైనస్ కె అనే ఎనిమిది మూలకాల క్వాటర్నియన్ సమూహాన్ని తీసుకోండి. అందులో ఐని జెతో గుణిస్తే కె వస్తుంది, జెని ఐతో గుణిస్తే మైనస్ కె వస్తుంది. కాబట్టి అది వినిమయ సమూహం కాదు. అయినా దాని ఉపసమూహాలు ఆరింటికి ఆరూ నార్మలే. గణితం చదివిన ప్రతివాడికీ తెలిసి ఉండాల్సిన ఉదాహరణ ఇది. నాకూ తెలుసు. కానీ ఆ రోజు గంట కొట్టే ముందు, ఆ ఖాళీ ముందు, నాకు తెలిసినది నాకు గుర్తు రాలేదు.

రాత్రి ఇంటి దగ్గర ఆమె నోటు పుస్తకం తిరగేశాను. పదకొండు పేజీలు రాసింది. ఎనిమిదో పేజీలో ఎనిమిది అడ్డువరుసలు, ఎనిమిది నిలువువరుసలతో ఒక గుణకార పట్టిక వేసి, దాని ఉపసమూహాలు ఒక్కొక్కటీ రాసుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి పేజీ మొత్తానికి అడ్డంగా ఒక గీత కొట్టేసింది. పక్కన పెన్సిలుతో చిన్నగా “ఇది కుదరకూడదు. ఎక్కడో తప్పు చేశాను” అని రాసుకుంది. ఆమె వేసిన పట్టిక క్వాటర్నియన్ సమూహానిదే. ఆ పేరు ఆమెకు తెలియదు, అంతే. తనంతట తాను సరైన చోటికి నడిచి వెళ్లి, సార్ సులభం అన్నారు కదా అన్న ఒక్క నమ్మకంతో తన కళ్ల ముందున్న నిజాన్ని కొట్టేసుకుని వెనక్కి వచ్చేసింది.

మర్నాడు తరగతిలో జరిగినదంతా చెప్పి, ఆ పట్టికను ఆమె చేతే బోర్డు మీద వేయించాను. నేను తప్పు ఒప్పుకోవడం అంత కష్టమనిపించలేదు. తప్పు బోర్డు మీద ఉన్నది తుడిచేయవచ్చు. ఒక పిల్ల నాలుగు రాత్రులు తన బుర్రను తాను తిట్టుకుంది చూశారూ, దాన్ని ఏ డస్టరుతో తుడుస్తాం? ఆ నాటి నుంచి ఉద్యోగం చివరి రోజు దాకా బోర్డు మీద సులభం అన్న మాట మళ్లీ రాయలేదు, ‘స్పష్టమే’ అని కూడా రాయలేదు. పుస్తకంలో రచయిత ఎక్కడైనా ‘స్పష్టమే’ అని రాసి ఉంటే, ముందు రాత్రి కాగితం తీసుకుని అది నాకు స్పష్టమో కాదో చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు కాదని తేలేది.

దానితోపాటు మానేసిన మాట ఇంకొకటి ఉంది: ‘అర్థమైందా?’ మన తరగతుల్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు, అదీ బృందగానంలో వస్తుంది. దానికి బదులు, నిరూపణ పూర్తయ్యాక సిద్ధాంతంలోని ఒక షరతును చేతితో మూసి, ఇది లేకపోతే ఏ వాక్యం దగ్గర బండి ఆగుతుందో చెప్పమని అడగడం మొదలుపెట్టాను. సంవృత అంతరం మీద అవిచ్ఛిన్న ప్రమేయానికి గరిష్ఠ విలువ ఉంటుందని నిరూపించాక, సంవృత అన్న మాట తీసేస్తే ఏమవుతుంది? 0కీ 1కీ నడుమ, ఆ రెండు కొసలూ కలపకుండా, 1 బై ఎక్స్ గీసి చూడమంటే వెనక బెంచీ పిల్లవాడు కూడా పైకి దూసుకుపోయే గీత గీస్తాడు. ఆ గీత గీసిన తరువాత ఆ షరతు ఎందుకుందో వాడికి ఎవరూ చెప్పనక్కర లేదు. 1993లో ఎస్. కుమరేశన్ గారు మొదలుపెట్టిన ఎంటీటీఎస్ అనే వేసవి గణిత శిక్షణ శిబిరాల గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది, కొందరు వెళ్లి వచ్చినవారే అయి ఉండవచ్చు. అక్కడ పాఠమంతా ఈ పద్ధతిలోనే సాగుతుంది: అధ్యాపకుడు అడుగుతాడు, పిల్లలు చెబుతారు, చెప్పింది తప్పయితే ఆ తప్పును పట్టుకునే ముందుకు వెళతారు. సిలబస్ పూర్తి కాదని మనం భయపడతాం. నిజమే, పూర్తి కాదు. నేను ముప్పై మూడేళ్లలో సిలబస్ నిండుగా పూర్తిచేసిన సెమిస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి నా మంచి సెమిస్టర్లని మాత్రం చెప్పలేను.

ఆ అమ్మాయి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిందని చెప్పాను. ఈ విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారికి ఇది రోజూ ఎదురయ్యే సంగతి. ఇంటర్మీడియట్‌లో తెలుగు అకాడమీ పుస్తకాలు చదివిన పిల్లలకు మాత్రికలు, సదిశలు, అవధులు, అవిచ్ఛిన్నత, గణితానుగమనం అన్నీ తెలుసు. ఎమ్మెస్సీ గదిలో అడుగుపెట్టిన మొదటి రోజు ఆ మాటలన్నీ గుమ్మం బయట చెప్పుల పక్కన వదిలేసి రావలసి వస్తుంది. తెలిసిన విషయమే తెలియని పేరుతో వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. మేము దాన్ని చూసి, ఈ పిల్లకు గణితం రాదు అనుకుంటాం.

పరిభాష పరాయిది కావడం ఎలా ఉంటుందో నాకు ఉత్తరాదిన ఒక సదస్సులో అనుభవమైంది. అక్కడొక మిత్రుడు హిందీలో మాట్లాడుతూ పదే పదే ‘ప్రమేయ్’ అంటుంటే, ఏ ప్రమేయం గురించి చెబుతున్నాడా అని పావుగంట వెతుక్కున్నాను. మనకు ప్రమేయం అంటే ఫంక్షన్, వాళ్లకు ప్రమేయ్ అంటే సిద్ధాంతం. ఒకే సంస్కృత పదం, వింధ్యకు అటూ ఇటూ రెండు అర్థాలు. ఆ పావుగంట సేపు నేను కూడా వెనక బెంచీ విద్యార్థినే.

పై చదువుల గణితం దేశభాషల్లో చెప్పడం కుదరదనేవారు మన దగ్గరి చరిత్ర చూడాలి. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకు ముందు ఏడే అనువాదశాల పెట్టి, గణితంతో సహా శాస్త్రాలన్నింటికీ ఉర్దూలో మాటలు తయారుచేసుకున్నారు. మూడు దశాబ్దాల పాటు డిగ్రీ స్థాయి కలనగణితం అక్కడ ఉర్దూలోనే నడిచింది. ఇంకా వెనక్కి వెళితే, పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు సాహిత్యం బుడి బుడి అడుగులు వేస్తున్న కాలంలోనే మన భాషలో లెక్కల పుస్తకం ఉందన్నమాట. అలాగని పరిశోధన వ్యాసాలు తెలుగులో రాయమని నేను అనను. అవి చదివేవారు ప్రపంచమంతా ఉన్నారు గనుక ఇంగ్లీషులోనే రాయాలి. ఆలోచన మాత్రం ఏ భాషలో ముందుకు కదిలితే ఆ భాషలో కదలనివ్వాలంటాను. అందుకొక ఉదాహరణ చెబుతాను.

అవిచ్ఛిన్నతకూ, ఏకరూప అవిచ్ఛిన్నతకూ తేడా చెప్పడం విశ్లేషణ గణితం బోధించే ప్రతివారికీ ఏటా వచ్చే పరీక్ష. రెండు నిర్వచనాల్లోనూ అవే గుర్తులు, అదే ఎప్సిలాన్ (ఫలితంలో మనం ఒప్పుకునే మార్పు), అదే డెల్టా (అందుకోసం ఎక్స్‌ను ఎంతవరకు జరపవచ్చో ఆ హద్దు). మారేది వరుస ఒక్కటే. ఇంగ్లీషు నిర్వచనాన్ని పిల్లలు రెండుసార్లు అక్షరం పొల్లుపోకుండా అప్పగిస్తారు, రెండింటికీ తేడా ఏమిటంటే నేల చూపులు చూస్తారు. ఒక ఏడు నేను ఎక్స్ స్క్వేర్ తీసుకుని లెక్క చేయించాను. ఎక్స్ విలువ 1 దగ్గర 0.01 జరిగితే వర్గం 1 నుంచి 1.0201కి వెళుతుంది, అంటే మార్పు రెండు వందో వంతులు. అదే 0.01 జరుగుడు 1000 దగ్గరైతే వర్గం ఇరవైకి పైగా పెరుగుతుంది. దూరం పోయిన కొద్దీ అదే ఎప్సిలాన్‌కు డెల్టాను ఇంకా ఇంకా చిన్నది చేసుకుంటూ పోవాలి, అందరికీ సరిపోయే డెల్టా అంటూ ఒకటి ఉండదు. లెక్క అందరూ చేశారు. అయినా గదిలో ఏదో అడ్డం ఉంది, కదలడం లేదు.

అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న కుర్రవాడు, ఇంగ్లీషులో ఒక ముక్క మొదలుపెట్టి, ఆగి, తెలుగులో అడిగాడు: “అంటే సార్, మొదటిదాంట్లో ప్రతి ఇంటికీ ఒక తాళంచెవి ఉంది. రెండోదాంట్లో అన్ని ఇళ్లకూ ఒకే తాళంచెవి ఉంది. అంతేనా?”

అంతే. ‘ఒక’కూ ‘ఒకే’కూ మధ్య ఉన్న ఆ ఒక్క ఏత్వంలో నిర్వచనాల తేడా మొత్తం ఇమిడి ఉంది. నేను పన్నెండేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను, నాకు ఒక్కనాడూ తట్టలేదు. పైగా అతను చెప్పినది పోలిక మాత్రమే కాదు, అందులో నిరూపణ కూడా ఉంది. ఇళ్లు పది ఉంటే పది డెల్టాలలో చిన్నది తీసుకుంటే అందరికీ సరిపోతుంది. ఇళ్లు అనంతంగా ఉంటే చిన్నది అంటూ ఒకటి మిగలకపోవచ్చు. అక్కడి నుంచి, ఇళ్లు అనంతంగా ఉన్నా లెక్కపెట్టగలిగినన్ని తాళంచెవులతోనే పని జరిగిపోయే సంహత సమితులకు నడవడానికి ఆ రోజు పది నిమిషాలు పట్టింది. ఏటా దానికి రెండు తరగతులు పట్టేది. ఆ తరువాత నేను ఏ తరగతిలోనూ ‘ఇంగ్లీషులో అడుగు’ అనలేదు. అడిగినది ముందు తెలుగులో విని, జవాబు తెలుగులో కుదిరాక, ఇద్దరం కలిసి దాన్ని పరీక్షలో రాసే ఇంగ్లీషులోకి మార్చేవాళ్లం. ఉర్దూలో తట్టే పిల్లలుంటే ఉర్దూలో అడగనిచ్చేవాణ్ణి. నాకు సగమే అర్థమయ్యేది, మిగతా సగం పక్క బెంచీవాళ్లు చెప్పేవాళ్లు.

విద్యార్థి అడిగిన ప్రశ్నతో అధ్యాపకుడికి ఒరిగేదేముందనే సందేహం ఉన్నవారికి కల్యంపూడి రాధాకృష్ణారావు గారి సంగతి గుర్తుచేస్తాను. మన వాల్తేరులో గణితం చదువుకుని కలకత్తా వెళ్లిన ఆయన, 1944లో పాతికేళ్లయినా నిండకముందే, కలకత్తా విశ్వవిద్యాలయంలో సాంఖ్యక శాస్త్రం పాఠాలు చెబుతున్నారు. అంచనాల ఖచ్చితత్వం గురించి పెద్ద నమూనాలకు వర్తించే, సాంఖ్యక శాస్త్రవేత్త ఫిషర్ ఫలితాన్ని ఆ రోజు వివరిస్తుంటే, వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు కూడా ఇలాంటిది చెప్పలేమా అని అడిగాడు. అధ్యాపకుడి దగ్గర జవాబు లేదు. అది సిలబస్‌లో లేదని ఆయన తప్పించుకోలేదు. రాత్రి కూర్చుని రాబట్టి, మర్నాడు తరగతిలో చూపించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే నేడు ప్రపంచమంతా క్రామర్–రావు అసమీకరణం అంటోంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి తెచ్చిన కృషిలో ఆ వ్యాసమే మొదట నిలుస్తుంది. అడిగిన దండేకర్ తరువాత పుణేలో ఆర్థికవేత్తగా పెద్ద పేరు తెచ్చుకున్నారు. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. ఆ ప్రశ్న అడగగలిగే వాతావరణం ఆ గదిలో ఉంది, అది గమనించండి.

పరిశోధన గురించి మీరు ఎదురుచూస్తుంటారు. చిన్న ఊళ్లో, చిన్న విభాగంలో ఉండి ఏం చేయగలం అన్నది యువ అధ్యాపకులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న. 1949లో ఒక వ్యాసం వెలువడింది. రచయితలు ఇద్దరు, స్వీడన్ దేశస్థుడు ప్లేయెల్ ఒకరు, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అధ్యాపకుడు ఎస్. మీనాక్షిసుందరం రెండోవారు. వంకరగా ఉన్న ఒక తలం మీద వేడి ఎలా పాకుతుందో మొదటి క్షణాల్లో పరిశీలిస్తే ఆ తలం ఆకృతి గురించి ఎన్నో విషయాలు బయటపడతాయని చూపే పద్ధతి అది. 1966లో గణితవేత్త మార్క్ కాట్స్, మోత విని డప్పు ఆకారం చెప్పగలమా అని అడిగినప్పుడు ఆ ప్రశ్న నిలబడిన నేల ఇదే. డప్పు వైశాల్యం వినిపిస్తుంది, చుట్టుకొలత వినిపిస్తుంది. ఆకారం మొత్తం మాత్రం వినిపించదని 1992లో తేలింది, ఒకే మోత ఉన్న రెండు వేరు వేరు డప్పులు దొరికాయి. ఈ కథ ఇంగ్లీషు పుస్తకాల్లో చదివిన మన పిల్లలకు, అందులో ఒక మెట్టు విశాఖ సముద్రం ఒడ్డున ఉందని మేము చెప్పకపోతే ఎవరు చెబుతారు?

అంత లోతైన యంత్రాంగం లేకుండానే ప్రశ్న అడగవచ్చనడానికి అదే వాల్తేరు నుంచి ఇంకొక ఉదాహరణ. 16కు భాజకాలు 1, 2, 4, 8, 16. వాటి మొత్తం 31. మళ్లీ 31 భాజకాలు 1, 31. వాటి మొత్తం 32. అంటే రెండుసార్లు భాజకాలు కూడితే మొదటి సంఖ్యకు రెట్టింపు వచ్చింది. ఇటువంటి సంఖ్యలకు సూపర్‌పర్‌ఫెక్ట్ సంఖ్యలని పేరు పెట్టి 1969లో చర్చకు తెచ్చినవారు డి. సూర్యనారాయణ. సరిసంఖ్యల్లో అవి ఎలా ఉంటాయో తెలిసింది. బేసి సంఖ్యల్లో అలాంటిది ఒక్కటైనా ఉందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. గుంటూరు జిల్లా యాజలిలో పుట్టి, తిరుపతిలో పాఠాలు చెప్పి, కెనడాలోని ఆల్బర్టాలో స్థిరపడిన ఎం.వి. సుబ్బారావు గారి దారి కూడా ఇటువంటిదే. 60ని తీసుకుని, దాన్ని ఒకదానితో ఒకటి పొత్తులేని, అంటే 1 తప్ప ఉమ్మడి భాజకం లేని, రెండు ముక్కలుగా విడగొట్టే భాజకాలను మాత్రమే, 60ని వదిలేసి, కూడండి: 1, 3, 4, 5, 12, 15, 20. మొత్తం 60. 1966లో ఆయన, వారెన్ కలిసి ఇలాంటివి నాలుగు చూపారు. అయిదోది 1975లో దొరికింది, అది ఇరవై నాలుగంకెల సంఖ్య. ఆరోది ఇంకా దొరకలేదు. బీఎస్సీ కుర్రవాడికి కూడా ఈ ప్రశ్న అర్థమవుతుంది, జవాబు ఎవరికీ రాదు. ఇలాంటి ప్రశ్న ఒకటి జేబులో పెట్టుకుని తరగతికి వెళ్లమని నా సలహా.

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఏడాదికి ఇన్ని వ్యాసాలు, వ్యాసానికి ఇన్ని పాయింట్లు అన్న లెక్క వచ్చాక, డబ్బు కడితే వారం తిరక్కుండా అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. ఒక నిర్వచనంలో ఒక షరతు సడలించి, పాత నిరూపణలనే కొత్త పేరుతో మళ్లీ రాసే వ్యాసాలు నా దగ్గరికి పరిశీలనకు ఎన్నో వచ్చాయి. ఒకదానిలో, సడలించిన షరతుకు తగిన ఉదాహరణ ఒక్కటైనా ఇవ్వమని అడిగాను. ఇవ్వలేకపోయారు, ఎందుకంటే సడలించినా పాత వస్తువులే మిగులుతున్నాయి. వ్యాసమంతా ఖాళీ సమితి గురించే. అది వేరే చోట అచ్చయిందనీ, దాని మీద పదోన్నతి కూడా వచ్చిందనీ తరువాత తెలిసింది. రాసిన కుర్రవాడి మీద నాకు కోపం లేదు. ఏడాదికి రెండు వ్యాసాలు కావాలన్నవారు, ఒక్క ఉదాహరణ కావాలని అనలేదు.

జవాబు పత్రాలు దిద్దడం గురించి ఎక్కువ చెప్పను, రేపు మీరే చేస్తారు. ఒక్క అనుభవం చాలు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకసారి వరుసగా పదిహేడు పుస్తకాల్లో ఒకే నిరూపణ, ఒకే చోట ఒకే అచ్చుతప్పుతో కనిపించింది. అందరూ ఒకే నోట్సు బట్టీపట్టారు. పద్దెనిమిదో పుస్తకంలో నిరూపణ సగంలో ఆగిపోయింది, కానీ ఆ అచ్చుతప్పు ఉన్న చోటనే ఆగి, ‘ఈ వాక్యం ఎలా వచ్చిందో నాకు తెలియడం లేదు’ అని రాసి ఉంది. మార్కుల పట్టిక ప్రకారం పదిహేడు మందికి పూర్తి మార్కులు, ఈ ఒక్కరికి సగం. నేను ఛీఫ్ ఎగ్జామినర్‌తో వాదించి ఆ పత్రానికి కొంత పెంచగలిగాను, పూర్తిగా పెంచలేకపోయాను. తరువాతి ఏడు ప్రశ్నపత్రం తయారుచేసే పని నాకు వచ్చినప్పుడు, నిరూపణ రాయమని అడగకుండా, తప్పున్న నిరూపణ ఇచ్చి తప్పు ఎక్కడుందో చూపమన్నాను. సిలబస్‌లో లేని ప్రశ్న అని ఫిర్యాదు వెళ్లింది. సంజాయిషీ కూడా రాశాను.

ఈ గదిలో రెగ్యులర్ పోస్టుల్లో చేరినవారితోపాటు కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేస్తున్నవారు కూడా ఉన్నారని తెలుసు. మన విభాగాలు చాలా వరకు మీ భుజాల మీదే నడుస్తున్నాయి. తరగతి చెప్పిన గంటకే డబ్బు ఇస్తామనే పద్ధతిలో, ఇందాక నేను చెప్పిన ముందు రాత్రి తయారీకి విలువ సున్నా. నియామకాలు జరపవలసినవారు జరపకుండా, మిమ్మల్ని అంకితభావం చూపమని వేదికల మీద అడగడం సిగ్గుచేటు. నేను అడగను.

నిర్వాహకులు చీటీ పంపారు, పావుగంట మిగిలిందట. దాన్ని నేను మాట్లాడి ఖర్చు చేయను. ముందు వరుసలో నీలం చీర కట్టుకున్న మేడమ్ గారు ఇందాకటి నుంచి కాగితం మీద ఏదో లెక్క వేస్తున్నారు, నేను గమనిస్తూనే ఉన్నాను. క్వాటర్నియన్ సమూహానికి ఉపసమూహాలు ఆరని నేను అన్నాను, చూపించలేదు. రండి మేడమ్, సుద్దముక్క ఇదిగో. ఆరే వచ్చాయో, నేను మళ్లీ తప్పు చెప్పానో చూద్దాం.